మీట మీద వేలు ఎవరిది?

ఓటరు జాబితాలో పేరు ఎలా చూసుకోవాలో గత సంచికలో రాశాను. దాని మీద వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం వికలాంగుల ఓటు గురించే. కాబట్టి పెన్షన్లు, పాసుపుస్తకాల ప్రశ్నలు పంపినవారు ఒక నెల ఓపిక పట్టండి, ఈసారి చోటంతా వీటికే. కొత్తగా చదువుతున్నవారి కోసం ఒక మాట. నాకు పుట్టుకతో చూపు లేదు. బ్యాంకులో పని చేసి రిటైరయ్యాను. చేతిరాత ఉత్తరాలను మా అమ్మాయి చదివి వినిపిస్తుంది, మెయిల్లో వచ్చినవాటిని ఫోనే చదువుతుంది. ఫోనుతోనే నాకు కాస్త సుఖం. మధ్యలో ఆపి వ్యాఖ్యానాలు చేయదు.

ప్రశ్న: సార్, నాకు చూపు లేదు. డిగ్రీ చదువుతున్నాను. 2024 మేలో మొదటిసారి ఓటు వేయడానికి వెళ్లాను. బ్రెయిలీ షీటు అడిగితే లోపల కూర్చున్న సారు "ఎందుకమ్మా, లేటవుతుంది, మీ నాన్న వచ్చిండు కదా" అన్నారు. నాన్న నాతో పాటు లోపలికి వచ్చి మీట నొక్కారు. "నువ్వు చెప్పిన గుర్తుకే వేసిన బిడ్డా" అన్నారు. నాన్న అబద్ధమాడే మనిషి కాదు. అయినా నేను ఓటేసినట్టు అనిపించలేదు. ఊరికే బాధపడుతున్నానా?
— ఒక విద్యార్థిని, సిరిసిల్ల

జవాబు: ఊరికే కాదమ్మా. మీ నాన్నగారు మంచివారే కావచ్చు. కానీ మంచివారో కాదో చూసుకునే అవసరమే ఓటుకు రాకూడదు. మీ ఊళ్లో చూపున్న ఏ ఓటరూ బయటికొచ్చి "నా ఓటు నేను చెప్పినదానికే పడిందట" అనుకోడు.

మీరు అడిగిన షీటు కొత్తదీ కాదు, గొంతెమ్మ కోరికా కాదు. బ్రెయిలీ అంకెలతో ఉన్న ఓటింగ్ మెషీన్‌ను ఈ దేశంలో మొదట పరీక్షించింది మన హైదరాబాద్‌లోనే, 2004లో ఆసిఫ్ నగర్ అసెంబ్లీ ఉప ఎన్నికలో. తర్వాత ఒక్కో రాష్ట్రంలో కొన్నిచోట్ల, 2008లో ఢిల్లీ అంతటా ప్రయత్నించి, 2009 లోక్‌సభ ఎన్నికల నుంచి దేశమంతా పెట్టారు. నియోజకవర్గాల పునర్విభజనలో (డీలిమిటేషన్) ఆ ఆసిఫ్ నగర్ నియోజకవర్గమే పోయింది కానీ, అప్పుడు నేనక్కడే అద్దెకుండేవాణ్ని, ఓటు కూడా అక్కడే. అంతకు ముందు బ్యాలెట్ కాగితాల రోజుల్లో మా అన్నయ్య నా బదులు ముద్ర వేసేవాడు. ఆయనది ఒక పార్టీ, నాది ఇంకో పార్టీ. ఇంట్లో రాజకీయాల మీద అరుచుకుని, అదే నోటితో నా ఓటు ఎవరికో ఆయన చెవిలో చెప్పాల్సి వచ్చేది! ఆసిఫ్ నగర్‌లో ఆ మీట పక్కన చుక్కలు తడిమి నొక్కాక, నా ఓటు ఎవరికి పడిందో అన్నయ్యకు చెప్పలేదు. ఆయన పోయేదాకా చెప్పలేదు.

ఇప్పుడు పని ఎలా జరగాలో చెబుతాను, బాగా గుర్తు పెట్టుకోండి. బ్యాలెట్ యూనిట్ మీద కుడి అంచున, ప్రతి నీలి మీట పక్కనా 1 నుంచి 16 దాకా బ్రెయిలీ అంకెలు ఉబ్బెత్తుగా ఉంటాయి. ఇవి ప్రతి యూనిట్ మీదా ఉంటాయి, ప్రత్యేకంగా తెప్పించాల్సిన వస్తువు కాదు. మెషీన్ మీద పేర్లు మాత్రం బ్రెయిలీలో ఉండవు. అందుకే విడిగా ఒక డమ్మీ బ్యాలెట్ షీటు ఇస్తారు. అందులో వరుస నంబరు, అభ్యర్థి పేరు, పార్టీ బ్రెయిలీలో ఉంటాయి. ప్రిసైడింగ్ ఆఫీసర్ దగ్గర దాన్ని చదువుకుని, మీ అభ్యర్థి నంబరు మనసులో పెట్టుకుని, ఒంటరిగా లోపలికి వెళ్లి ఆ నంబరు పక్కన మీట నొక్కాలి. అభ్యర్థులు తక్కువైతే మిగిలిన మీటలు మూసేసి ఉంటాయి. చివర తెరిచి ఉన్న మీట నోటాది. నొక్కగానే బీప్ వినిపిస్తుంది.

సహాయకుణ్ని తీసుకెళ్లే హక్కు వేరు. అది ఎన్నికల నిర్వహణ నియమాలు 1961లో 49ఎన్ నియమం. చూపు లేకపోవడం వల్ల గానీ, ఇతర శారీరక ఇబ్బంది వల్ల గానీ గుర్తు పోల్చుకోలేనివారు, మీట నొక్కలేనివారు పద్దెనిమిదేళ్లు నిండిన ఒకరిని వెంట తీసుకెళ్లవచ్చు. ఆ మనిషి ఓటు రహస్యంగా ఉంచుతానని, ఆ రోజు మరెవరికీ సహాయకుడిగా వెళ్లలేదని రాసివ్వాలి. ఒక మనిషి ఒక రోజు ఒక్క ఓటరుకే. ఆ వివరాలు ప్రిసైడింగ్ ఆఫీసర్ ఫారం 14ఏలో నమోదు చేయాలి. మీ నాన్నగారి చేత సంతకం పెట్టించుకున్నారో లేదో అడిగి చూడండి. చాలాచోట్ల ఆ కాగితం సంగతే ఎవరూ ఎత్తరు, "పోనీ లే, ఇంటివాళ్లే కదా" అంటారు. ఎవరూ రాసుకోకపోతే ఒకే మనిషి పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఊళ్లో ముసలివాళ్లందరికీ "సహాయకుడు" అయిపోతాడు. ఏ పార్టీకో చెప్పక్కర్లేదు.

ఆ నియమంలో సహాయకుడు ఓటరు కోరితే వచ్చే సౌకర్యం. అక్కడ కూర్చున్న ఆఫీసరు టైము మిగుల్చుకోవడానికి తగిలించే మనిషి కాదు. మీకు బ్రెయిలీ వచ్చు, అంకెలు తడిమి నొక్కగలరు, సహాయకుడు వద్దంటున్నారు. అంతటితో మాట అయిపోవాలి.

వచ్చే ఎన్నికకు ముందే మూడు పనులు చేసి పెట్టండి. ఓటరు జాబితాలో మీ పేరుకు వికలాంగురాలిగా గుర్తింపు ఉందో లేదో చూడండి, లేకపోతే జాబితాలో సవరణ కోసం ఫారం 8 పెట్టండి. వికలాంగ ఓటర్ల కోసం ఎన్నికల సంఘం పెట్టిన సక్షం యాప్ గానీ, 1950 హెల్ప్‌లైన్ నంబరు గానీ వాడి ముందే మీ అవసరం నమోదు చేయండి. (ఆ యాప్‌లన్నీ ఈసీఐనెట్ అనే ఒకే చోటికి తెస్తున్నట్టు 2025లో సంఘం ప్రకటించింది. పేరు మారితే కంగారు పడకండి.) పోలింగ్‌కు ముందురోజు మీ బీఎల్‌ఓకు (బూత్ స్థాయి అధికారికి) ఫోన్ చేసి "మన కేంద్రానికి డమ్మీ బ్రెయిలీ షీటు వచ్చిందా" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నతో సామాను సంచీలు మళ్లీ విప్పి చూస్తారు.

ఒక లోటు మాత్రం మీరు ఎంత గట్టిగా ఉన్నా తీరదు. ఓటు ఎవరికి పడిందో మెషీన్‌కు జత చేసిన వీవీప్యాట్ అనే పెట్టె గాజు వెనక చీటీ ఏడు సెకన్లు చూపిస్తుంది. చూపున్నవారికి అది ధీమా. మనకు బీప్ ఒక్కటే, అదేమో ఎవరికి వేసినా ఒకేలా మోగుతుంది. ఒంటరిగా వేస్తే ఆ చీటీ చదివి చెప్పేవారుండరు, తోడు తీసుకెళ్తే రహస్యం ఉండదు. ఇరవై ఏళ్ల కింద బ్రెయిలీ చుక్కలు పెట్టించిన ఎన్నికల సంఘం ఇక్కడ మాత్రం ఆగిపోయిందని నా ఫిర్యాదు.

ప్రశ్న: మా బాబుకు ఇరవై ఏళ్లు. పుట్టుకతోనే మేధో వైకల్యం ఉంది, వైకల్యం ఎంత శాతమో రాసిచ్చే సదరం సర్టిఫికెట్ ఉంది. టీవీలో సీఎంని, పీఎంని గుర్తు పడతాడు, పెన్షన్ ఎవరి హయాంలో పెరిగిందో చెబుతాడు. ఓటుకు దరఖాస్తు పెడదామంటే మా బీఎల్‌ఓ "ఇట్లాంటివాళ్లకు ఓటు రాదమ్మా, మతిస్థిమితం లేనివాళ్లు కదా" అన్నది. నిజమేనా?
— ఒక తల్లి, జగిత్యాల

జవాబు: నిజం కాదమ్మా. ఆ బీఎల్‌ఓకు సగం విషయమే తెలిసినట్టుంది.

రాజ్యాంగం 326వ అధికరణం పద్దెనిమిదేళ్లు నిండిన ప్రతి పౌరుడికీ ఓటు ఇస్తూ, మినహాయింపుల్లో మతిస్థిమితం లేకపోవడాన్ని చేర్చింది. ఆ మాటను పట్టుకుని చాలామంది ఆగిపోతారు. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 16వ సెక్షన్ దాన్ని ఇంకా బిగించింది. మతిస్థిమితం లేదని అర్హత ఉన్న కోర్టు ప్రకటించి ఉండాలి. కోర్టు. డాక్టరు కాదు, సదరం క్యాంపు కాదు, బీఎల్‌ఓ అసలే కాదు. సదరం సర్టిఫికెట్ పెన్షన్‌కు, బస్సు పాసుకు పనికొచ్చే వైద్య పత్రం. అందులో ఎంత శాతం రాసి ఉన్నా అది కోర్టు తీర్పు అయిపోదు. మరో అనుమానం కూడా తల్లిదండ్రుల్లో ఉంటుంది, మీరు అడగకపోయినా చెబుతున్నాను. మేధో వైకల్యం లాంటివి ఉన్నవారి కోసం తెచ్చిన నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా స్థాయి కమిటీ నుంచి గార్డియన్‌షిప్ (సంరక్షకుల) పత్రం తెచ్చుకుంటే బిడ్డ ఓటు పోతుందేమోనని కొందరు భయపడతారు. ఆ కమిటీ కోర్టు కాదు, అది ఇచ్చేది మతిస్థిమితం మీద తీర్పూ కాదు.

చెన్నై కీల్పాక్‌లోని ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థలో ఉంటున్న రోగుల్లో నూట యాభై మందికి పైగా 2019 లోక్‌సభ ఎన్నికల ముందు ఓటు నమోదు చేసి, ఆ ఆవరణలోనే పోలింగ్ కేంద్రం పెట్టారు. ఆస్పత్రిలో ఉన్నవారికే ఇవ్వగలిగిన ఓటు, ఇంట్లో మీ పక్కన కూర్చుని వార్తలు చూసే పిల్లవాడికి ఎందుకు రాదు?

మీరు కొత్త ఓటరు నమోదుకు పెట్టే ఫారం 6 నింపి ఆన్‌లైన్‌లో గానీ, కాగితం మీద గానీ ఇవ్వండి, రసీదు నంబరు దాచుకోండి. దరఖాస్తు మీద నిర్ణయం తీసుకునేది ఓటరు నమోదు అధికారి. బీఎల్‌ఓ విచారణ చేసి రాస్తారు, అంతే. ఒకవేళ తిరస్కరిస్తే కారణం రాతలో తీసుకోండి. పదిహేను రోజుల్లో జిల్లా కలెక్టర్‌కు, అక్కడా కాదంటే ముప్పై రోజుల్లో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. నా అనుభవంలో "రాతలో ఇవ్వండి" అనగానే సగం తిరస్కరణలు ఆగిపోతాయి.

పోలింగ్ రోజు విషయంలో మాత్రం మీకో ఇబ్బంది ఉంది. పైన చెప్పిన 49ఎన్ నియమంలో చూపు, శారీరక ఇబ్బంది అన్న మాటలే ఉన్నాయి. మేధో వైకల్యం ఊసు లేదు. కాబట్టి మీరు బాబుతో లోపలికి వస్తామంటే ఆఫీసర్ కాదనవచ్చు. ఆ నియమం మార్చాలని నేను అంటాను. అది మారేదాకా ఇంట్లోనే అలవాటు చేయండి. అట్టముక్క మీద గుర్తులు అతికించి, పక్కన బొత్తాలు గీసి, "నీకు నచ్చినదాని పక్కన నొక్కు" అనండి. ఏది నొక్కాలో మాత్రం నేర్పకండి. "వాడికేం తెలుసు, ఎవరు చెబితే వాళ్లకు వేస్తాడు" అని చుట్టాలు అంటారు. వాళ్లలో ఎంతమంది కులపెద్ద చెప్పినట్టు వేశారో మీరూ ఓసారి అడగండి.

ప్రశ్న: మా ఆయనకు పక్షవాతం వచ్చి మూడేళ్లయింది, కుడి పక్క పని చేయదు. 2024లో ఇంటికొచ్చి ఓటు వేయిస్తారంటే ఫారం ఇచ్చాం. వచ్చారు. కెమెరా, పోలీసు, ఆఫీసర్లు, వీధిలో వాళ్లంతా గుమ్మం దగ్గర. మా మరిది పక్కనే నిలబడి కాగితంలోకి తొంగి చూస్తూనే ఉన్నాడు. తీరా పోలింగ్ రోజు అందరూ వెళ్తుంటే ఆయనకూ వెళ్లాలనిపించి ఆటోలో తీసుకెళ్లాం. మీ ఓటు అయిపోయింది పొమ్మన్నారు. ఆయన చాలా చిన్నబోయారు.
— ఒక గృహిణి, పలాస

జవాబు: రెండో విషయం ముందు చెబుతాను, అది చిన్నది. ఫారం 12డి ఇచ్చి ఇంటి దగ్గర ఓటు కోరుకున్నాక, ఓటరు జాబితాలో ఆ పేరు పక్కన పోస్టల్ బ్యాలెట్ అని గుర్తు పెడతారు. ఇక కేంద్రంలో వేయడానికి వీల్లేదు. అక్కడివాళ్లు చేసింది నిబంధనే. ఫారం తీసుకెళ్లినవారు ఆ ముక్క ముందే మీకు విడమరిచి చెప్పి ఉండాల్సింది.

తెలంగాణలో 2023 నవంబరు అసెంబ్లీ ఎన్నికల్లో ఈ సౌకర్యం ఇచ్చారు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో దేశమంతా ఇచ్చారు. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారికీ, 85 ఏళ్లు దాటినవారికీ వర్తిస్తుంది. వయసు మొదట 80 ఉండేది, 2024 మార్చిలో 85కి పెంచారు. ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిన అయిదు రోజుల లోపు ఫారం రిటర్నింగ్ అధికారికి చేరాలి. ఈ గడువు దాటిపోయి లబోదిబోమన్న ఉత్తరాలు నా దగ్గర చాలా ఉన్నాయి. బృందం వచ్చే రోజు ముందే చెబుతారు. ఇంట్లో లేకపోతే మరోసారి వస్తారు. ఆ తర్వాత రారు. అభ్యర్థుల మనుషులు కూడా వెంట రావచ్చు. కెమెరా అందుకే, వచ్చినవారు సరిగ్గా నడుచుకున్నారో లేదో చూడటానికి. ఓటరు కాగితం మీద ఎక్కడ గుర్తు పెట్టాడో చూడటానికి కాదు.

మీ మరిది సంగతి అసలైనది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ రోజు అసెంబ్లీకి, లోక్‌సభకు రెండు కాగితాలు. ఆ రెండూ నింపే అయిదు నిమిషాలూ ఆయన చుట్టూ ఎవరూ ఉండకూడదు. ఆయన కోరుకుంటే ఒక సహాయకుడు ఉండవచ్చు, అది మీరా మరిదా అన్నది ఆయన ఇష్టం. వచ్చే ఎన్నికలో ఆఫీసర్లు గుమ్మం ఎక్కగానే "ఓటు వేసేచోట పరదా కట్టించండి, మిగతావాళ్లను బయట ఉండమనండి" అని మీరే గట్టిగా అడగండి. ఇంట్లో ఆడవాళ్లు ఆ మాటంటే మరుదులకు కోపం వస్తుంది, రానివ్వండి.

ఒక సంగతి నాకు మనసులో గుచ్చుకుంటూ ఉంటుంది. 2004లో వికలాంగుల హక్కుల కోసం పనిచేసే డిజేబుల్డ్ రైట్స్ గ్రూప్ వాళ్లు సుప్రీంకోర్టుకు వెళ్లాక గానీ పోలింగ్ కేంద్రాల్లో ర్యాంపులు వేయాలన్న ఆదేశం రాలేదు. ఇరవై ఏళ్లలో మన ప్రభుత్వ బడుల్లో కొన్ని ర్యాంపులు వచ్చాయి. కొన్నిచోట్ల ఎంత నిటారుగా వేశారంటే వాటి మీద చక్రాల కుర్చీని ఎక్కించడానికి ఇద్దరు వస్తాదులు కావాలి. ఇప్పుడు ఇంటికే ఓటు వచ్చింది కదా, ర్యాంపు ఎందుకు అనే మాట మండల ఆఫీసుల్లో మొదలైంది. మీ ఆయనకు ఆటో ఎక్కి ఊరితో పాటు వెళ్లి వరసలో నిలబడాలని ఉంది. ఈసారి ఆయన్నే అడగండి, ఇంటికా కేంద్రానికా అని. కేంద్రానికే అంటే 12డి ఇవ్వకండి, చక్రాల కుర్చీ కోసం ముందే నమోదు చేయండి.

ప్రశ్న: నాకు వినపడదు, మాట్లాడలేను. వడ్రంగం పని. ఓటుకు వెళ్తే పేరు పిలిచారట, నేను పలకలేదని కసిరారు. మా అన్నను లోపలికి పంపుతామన్నారు. పంపొచ్చా?
— వాట్సాప్ ద్వారా, తెనాలి

జవాబు: మీరు వద్దంటే అన్న అక్కర్లేదు. మీకు గుర్తులు కనిపిస్తాయి, చేతులు పని చేస్తాయి. సహాయకుడి నియమం మీ కోసం రాసింది కాదు. మొదటి పోలింగ్ ఆఫీసర్ ఓటరు పేరు, నంబరు గట్టిగా చదవడం ఏజెంట్లు వినడానికి. మీ జవాబు కోసం కాదు. గుర్తింపు కార్డు, ఓటరు స్లిప్పుతో పాటు "నాకు వినపడదు, చూపించి చెప్పండి" అని రాసిన చీటీ పట్టుకెళ్లండి. బీప్ వినపడదని టెన్షన్ పడకండి. మీట పక్కన ఎర్ర లైటు వెలుగుతుంది, గాజు వెనక చీటీ కనిపిస్తుంది. నాకు లేని ఆ ఏడు సెకన్లు మీకున్నాయి.

ప్రశ్న: మన పంచాయతీ ఎన్నికల్లో ఇంకా కాగితం బ్యాలెట్టే. చూపు లేనివారు దాని మీద సొంతంగా ముద్ర వేయడం సాధ్యమేనా? మనలాంటి వేరే దేశాలు ఏం చేస్తున్నాయి?
— పోటీ పరీక్షలకు చదువుతున్న యువకుడు, కాకినాడ

జవాబు: సాధ్యమే, చేసి చూపించారు. ఘనాలో ఓటరు కాగితం మీద బొటనవేలి ముద్ర వేస్తాడు. చూపు లేనివారి కోసం 2000ల మొదట్లోనే అక్కడ ఒక అట్ట తొడుగు తయారు చేశారు. కాగితాన్ని అందులో దోపితే ఒక్కో అభ్యర్థి గడి దగ్గర ఒక రంధ్రం వస్తుంది. వరస చెవిన వేసుకుని, పైనుంచి రంధ్రాలు లెక్కపెట్టుకుంటూ వచ్చి వేలు అద్దడమే. బ్రెయిలీ రానివాళ్లకు కూడా పనికొస్తుంది. ఇది పెద్ద లాభం, ఎందుకంటే మన పల్లెల్లో పెద్దవయసులో చూపు పోయినవారికి బ్రెయిలీ ఎక్కడ వస్తుంది?

ఇండోనేషియాలో కాగితాన్ని మేకుతో పొడుస్తారు. అక్కడ అధ్యక్ష ఎన్నిక కాగితానికి, ప్రాంతీయ ప్రతినిధుల సభ కాగితానికి బ్రెయిలీ తొడుగులు ఇచ్చారు. పార్టీలు, అభ్యర్థుల పేర్లతో దుప్పటంత ఉండే పార్లమెంటు కాగితానికి మాత్రం 2019లో ఇవ్వలేదు. అంటే అధ్యక్షుణ్ని రహస్యంగా ఎన్నుకోవచ్చు, ఎంపీకి మాత్రం తోడు కావాలి. బ్రెజిల్ నాకు బాగా నచ్చింది. అక్కడి మెషీన్‌కు టెలిఫోను లాంటి అంకెల మీటలు, వాటి మీద బ్రెయిలీ. ఓటరు తన అభ్యర్థి నంబరు కొడతాడు. చెవికి హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఏ నంబరు కొట్టాడో, అది ఎవరిదో మెషీనే చెబుతుంది, ఆ తర్వాతే ఖాయం చేస్తాడు. సిరిసిల్ల అమ్మాయికి నేను చెప్పిన లోటు తీరే దారి అదే.

ఇక మన దగ్గర పంచాయతీలు కేంద్ర ఎన్నికల సంఘం కిందికి రావు, రాష్ట్ర ఎన్నికల సంఘం నడుపుతుంది. కాబట్టి అసెంబ్లీ ఎన్నికలో దొరికే బ్రెయిలీ మీట సర్పంచ్ ఎన్నికలో ఉండదు. తెలంగాణలో గులాబీ కాగితం సర్పంచ్‌కు, తెల్ల కాగితం వార్డుకు. నాకు రెండూ ఒకటే! ఊళ్లో అందరికీ అందరూ తెలిసిన ఎన్నిక కాబట్టి రహస్యం అవసరం అక్కడే ఎక్కువ. ఘనా తొడుగుకు కావాల్సింది మందం అట్ట, ఒక పంచింగ్ మిషను. మీరు గ్రూప్స్ కొట్టి ఆఫీసరయ్యాక ఈ ఫైలు మీద సంతకం పెట్టండి.

ప్రశ్న: రెండు శాతం మంది కోసం ఇన్ని ర్యాంపులు, కుర్చీలు, కెమెరాలా? ప్రజల డబ్బు కాదా?
— పేరు రాయొద్దన్నారు, ఖమ్మం

జవాబు: పేరు రాయొద్దన్నందుకు సంతోషం, రాస్తే మీ ఇంటి పెద్దవాళ్లకు తెలిసిపోయేది. 2011 జనాభా లెక్కల్లో దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు. మీ రెండు శాతం అక్కడిది. 2024లో ఓటరు జాబితాలో వికలాంగులుగా గుర్తించినవారు 88 లక్షల 40 వేలు, దాదాపు 97 కోట్ల ఓటర్లలో ఒక శాతం కూడా కాదు. పిల్లలను తీసేసినా పెద్ద తేడా మిగులుతుంది. కొందరు జాబితాలో ఉండీ గుర్తింపు లేనివారు, కొందరు అసలు జాబితాలోనే లేనివారు. డబ్బు గురించి అడిగారు కాబట్టి, ఖర్చంతా ఇంకా మొదలే కాలేదని గ్రహించండి. ర్యాంపు వేసేది బడికి. ఎన్నిక అయ్యాక అది తీసేయరు, పిల్లలు వాడతారు.

ప్రశ్న: నేను పోలియో వల్ల మూడు చక్రాల బండి మీద తిరుగుతాను. మహిళా సంఘం లెక్కలు పదేళ్లుగా నేనే రాస్తున్నాను. ఈసారి వార్డు మెంబరుగా నిలబడదామంటే ఇంట్లో నవ్వుతున్నారు, "ప్రచారానికి ఎట్లా తిరుగుతవ్" అని. మాలాంటివాళ్లకు రిజర్వేషన్ ఉందా?
— ఒక సంఘం సభ్యురాలు, నారాయణపేట

జవాబు: మీ పాలమూరు నుంచే ఈ ప్రశ్న రావడం బాగుంది. ఎస్. జైపాల్ రెడ్డి గారు చిన్నప్పుడే పోలియో వచ్చి, ఊతకర్రలతో నడిచారు. 1969లో కల్వకుర్తి నుంచి అసెంబ్లీకి గెలిచారు. 1980లో మెదక్‌లో ఇందిరా గాంధీ మీద నిలబడి ఓడిపోయారు, ఆ తర్వాత కేంద్ర మంత్రీ అయ్యారు. ఆయన ప్రచారానికి ఎలా తిరిగారో మీ ఇంట్లో నవ్వేవాళ్లను పాత కాంగ్రెస్, జనతా వాళ్లను అడిగి తెలుసుకోమనండి. ఇంకా వెనక్కి వెళ్తే, సాధన్ గుప్తా గారు చూపు లేని న్యాయవాది, కమ్యూనిస్టు. 1953లో కలకత్తా ఆగ్నేయ నియోజకవర్గం ఉప ఎన్నికలో గెలిచి లోక్‌సభకు వెళ్లారు. అప్పుడు బ్రెయిలీ మీటా లేదు, ర్యాంపూ లేదు. ఓటు వేయడానికి తోడు కావాల్సిన మనిషికి ఒక నగరం ఓట్లు వేసింది.

రిజర్వేషన్ సంగతి. లోక్‌సభలో, శాసనసభలో వికలాంగులకు స్థానాలు కేటాయించలేదు. తమిళనాడు 2025లో స్థానిక సంస్థల్లో వికలాంగులను నామినేట్ చేసేందుకు చట్టం తెచ్చింది. నామినేషన్ మీద వచ్చిన సీటు నాకు అంతగా రుచించదు, కానీ ఏమీ లేనిచోట అదీ ఒక మెట్టు. మీరు ఎవరి కేటాయింపూ లేకుండానే నిలబడవచ్చు, చట్టం అడ్డు లేదు. వయసు ఇరవై ఒకటి నిండాలి, ఆ గ్రామం ఓటరు అయి ఉండాలి, వార్డు రిజర్వేషన్ మీకు సరిపోవాలి.

ఒక వార్డులో ఇళ్లెన్ని ఉంటాయి? మీ మూడు చక్రాల బండి వెళ్లని సందు ఉంటే, ఆ సందులో వాళ్లను మీ సంఘం మీటింగు రోజు కలవండి. పదేళ్ల లెక్కల పుస్తకం మీ దగ్గర ఉంది, ఎవరికి అప్పు ఎప్పుడు ఇప్పించారో అన్నీ అందులో ఉన్నాయి. అంతకన్నా కరపత్రం ఏముంటుంది?

నామినేషన్లు తీసుకునే గది మేడ మీద పెడితే ముందురోజే ఎంపీడీఓకు రాతపూర్వకంగా చెప్పి కిందికి మార్పించండి, నకలు మీద రసీదు ముద్ర వేయించుకోండి. మిమ్మల్ని ప్రతిపాదించేవారి పేరు మీ వార్డు ఓటరు జాబితాలోనే ఉందో లేదో ఈ వారమే చూసుకోండి. చాలా నామినేషన్లు అక్కడే పోతాయి.